తీర రక్షణమున పంచాయతీల పాత్ర

(తీరగ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పొలమునకు గట్టు గలదు. గ్రామమునకు పొలిమేర గలదు. సముద్రమునకు కంటికి కనబడు హద్దు లేకున్నను శాసనము నిర్ణయించిన హద్దులు గలవు. 1976 నాటి చట్టము ప్రకారము తీరమునుండి 12 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 22 కిలోమీటర్ల వరకు మన ప్రాదేశిక జలములు. 200 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 370 కిలోమీటర్ల వరకు మత్స్యసంపదపైనను, సముద్రగర్భమందలి చమురు, వాయువులపైనను హక్కు మన దేశమునదే.

ఈ జలక్షేత్రమునకు కావలిగా 1977 ఫిబ్రవరి 1వ తేదీన భారత తీర రక్షక దళము వెలసినది. 1978లో పార్లమెంటు చేసిన చట్టము దానికి అధికారముల నొసగినది. ఏడు ఓడలతో ఆరంభమైన దళము 2025 నాటికి 150కి పైగా ఓడలతో వృద్ధిచెందినది. మన రాష్ట్రమున విశాఖపట్నము, కాకినాడ, నిజాంపట్నము, కృష్ణపట్నములందు దాని స్థావరములు గలవు. దొంగరవాణాను అరికట్టుట, పరదేశపు పడవలు మన జలములందు వేటాడకుండ చూచుట, చమురు వేదికలను కాపాడుట, సముద్రజలము కలుషితము కాకుండ చూచుట, ఆపదలోనున్న మత్స్యకారులను రక్షించుట దాని విధులు. ‘వయం రక్షామః’, అనగా ‘మేము రక్షింతుము’ అనునది దాని నినాదము.

అయినను సముద్రముపై నున్న ప్రతి పడవను ఓడలే గుర్తింపజాలవు. 2008 నవంబరు 26వ తేదీన ముంబయిపై దాడిచేసిన ముష్కరులు ఒక చేపల పడవను చేజిక్కించుకొని సముద్రమార్గమున వచ్చిరి. 160 మందికి పైగా ప్రజలు బలియైరి. చూచువారికి అది వేటపడవయే. ఏ పడవ మనది, ఏది కాదు అన్నది ముందుగా తెలియునది ఒడ్డున నున్న గ్రామమునకే.

ప్రాణరక్షణమందును ఇదియే సత్యము. యంత్రము చెడిన పడవ గాలికిని, నీటివాలుకును గంటకు 2 కిలోమీటర్ల వంతున కొట్టుకొనిపోవుచున్నదనుకొందము. వార్త 5 గంటలకు అందినచో 10 కిలోమీటర్ల మేర వెదకవలెను. 10 గంటలకు అందినచో 20 కిలోమీటర్ల మేర వెదకవలెను. దూరము రెట్టింపైనపుడు గాలింపవలసిన విస్తీర్ణము నాలుగు రెట్లగును. రేపు చూతమని గ్రామము ఊరకున్న ప్రతి గంటయు ఆ తండేలుకును, కలాసీలకును ప్రాణాపాయమే.

కావున మేము కోరునది ఒక్కటే: ప్రతి తీరగ్రామ పంచాయతీయు ఒక వేటపుస్తకమును ఉంచవలెను. పడవ పేరు, రిజిస్ట్రేషను సంఖ్య, అందున్నవారి పేర్లు, బయలుదేరిన వేళ, వెళ్లిన దిక్కు, తిరిగివచ్చు వేళ అందు వ్రాయించుడు. ఇది పన్నుల కొరకు గాదని, తమ బిడ్డల కొరకేనని ఇంటింట చెప్పుడు. పడవ వేళకు రానిచో తీర రక్షక దళమునకు 1554 సంఖ్యకును, అనుమానాస్పదమైన పడవ కనబడినచో తీర పోలీసులకు 1093 సంఖ్యకును వెంటనే ఫోను చేయించుడు. తుపాను హెచ్చరిక వచ్చిన దినమున ఈ పుస్తకము చూచినచో ఇంకను ఎవరు ఒడ్డు చేరవలసియున్నదో క్షణములో తెలియును.

వలసవెళ్లినవారి పేర్లు సైతము వ్రాయుట మరువరాదు. గుజరాతు తీరమున కూలివేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఏ రేవునుండి, ఎవరి పడవపై వెళ్లిరో గ్రామమున వ్రాసియున్నచో, అట్టి ఆపద వచ్చినపుడు అధికారులకు విన్నవించుటకు ఆ కుటుంబములకు ఆధారముండును.

ఓడలను, విమానములను ప్రభుత్వము సమకూర్చగలదు. తిరిగిరాని మనిషి పేరు చెప్పగలది గ్రామమే. వచ్చు పంచాయతీ సమావేశముననే ఈ పుస్తకమును ప్రారంభింతురని ఆశించుచున్నాము.