వానలో వచ్చిన అతిథులు

(శతాబ్ది కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన మెదక్ మహాదేవాలయమును గూర్చి పెద్దలు ఇంతవరకు అనేక సంగతులు చెప్పినారు. 1914లో ఆరంభమైన ఆ పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కరవుతో జనులు అల్లాడిన ఆ కాలములో రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు పని కల్పించి, పనికి వచ్చినవారికి అన్నము పెట్టించినారు. 175 అడుగుల గోపురమును చూచి మనము మురిసిపోవుచున్నాము, మురియవలసినదే. అయితే మేము ఈ దినము చెప్పదలచినది ఆ గోపురమును గూర్చి కాదు, సిర్గాపూర్‌లోని ఒక తాళమును గూర్చి.

2024 వానాకాలములో ఇద్దరు వృద్ధ దంపతులు హైదరాబాదునుండి బయలుదేరినారు. ఆయన రైల్వేలో పనిచేసి విరమించినవారు, ఆమె బడిపంతులమ్మ. ఒక పాత వ్యానును కొని, అందులో పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకొన్నారు. సినిమావాళ్ల కారవానుకు అది పేదచుట్టము. శతాబ్ది సంవత్సరములో పాత సంఘములను కన్నులార చూడవలెనని వారి కోరిక. మెదక్ చూచి, నారాయణఖేడ్ మీదుగా సిర్గాపూర్ వచ్చి, ఆపైన పిట్లం, బాన్సువాడ మార్గమున, డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠురోగులకు సేవచేసిన డిచ్‌పల్లికి పోవలెనని తలంచినారు.

సిర్గాపూర్‌లో చూడదగినది ఏమున్నదని మీరు అడుగవచ్చును. ఆ అమ్మగారి తండ్రి అక్కడ కొన్నేండ్లు సువార్తికుడుగా ఉండెను. మందిరపు అరుగుమీదనే ఆమె అక్షరములు దిద్దినది. ఆమెకు అంతకంటె చూడవలసినది ఏమున్నది?

రెండు దినములు ముందుగా వారు మాకు ఫోను చేసినారు. "తప్పక రండి, మేమే ఎదురు వచ్చెదము" అని మాట ఇచ్చినాము. ఆ దినము మరియొక ఊరిలో మన సంఘస్థుడొకరు ప్రభువునందు నిద్రించినారు. సమాధి కార్యక్రమము ముగియులోపల వాన ముదిరి, దారిలో వాగు పొంగినది. మేము అక్కడనే నిలిచిపోయినాము. ఫోను పలుకలేదు. మందిరపు తాళపుచెవి మా సంచిలోనే ఉండెను.

సాయంకాలమునకు వారు సిర్గాపూర్ చేరినారు. మన నల్లరేగడి సంగతి మీరెరుగుదురు. వాన పడిన తరువాత అది మనిషిని గాని బండిని గాని కదలనీయదు. చక్రములు కూరుకొనిపోయినవి. వ్యాను కప్పులోనుండి నీరు కారి పరుపులు తడిసినవి. పొయ్యి వెలుగలేదు. బిస్కెట్లు తిని, గొడుగు తెరచుకొని, ఇద్దరును కూర్చుండియే రాత్రి గడిపినారు. పది గజముల దూరములో తాళము వేసిన మందిరము.

తెల్లవారినప్పుడు పొరుగింటి స్త్రీ ఒకతె వేడి జొన్నరొట్టెలు తెచ్చి, "పెద్దమ్మా, రాత్రంత బండిలనే ఉన్నరా? నన్ను పిలిస్తె కాకపోవునా? ఇంట్లకు రాండ్రి" అన్నది. ఆమె మన సంఘస్థురాలు కాదు.

మేము చేరునప్పటికి తొమ్మిది దాటినది. క్షమాపణ వేడినాము. అమ్మగారు మెల్లగా, "వాన మీ తప్పు కాదు అయ్యగారూ. మా నాన్న ఉన్నప్పుడు ఈ తలుపుకు తాళము లేదండీ" అన్నది. "పోనీలే, అయ్యగారిని బాధపెట్టకు" అని ఆయన వారించినారు. తలుపు తీసినాము. ఆమె లోపల కొంతసేపు నిలిచి, తడి గోడను చేతితో తాకి, బయటికి వచ్చినది. ప్రార్థన చేయబోతిమి, మాకు మాట రాలేదు. ఊరివారు బండిని నెట్టి దారికి ఎక్కించినారు. వారు వెళ్లిపోయిరి.

ప్రియులారా, అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడి. ఓడ పగిలి పౌలుతోకూడ 276 మంది మెలితే ద్వీపము చేరినారు. వానయు చలియు ఉన్నందున ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొన్నారు. వారు క్రీస్తును ఎరిగినవారు కారు. మన యొద్దకు వచ్చినవారు ఇద్దరే.

ఆనాటి సువార్తికులు ఎడ్లబండ్లమీద ఊరూరు తిరిగినప్పుడు ఎవరి అరుగులమీద పరుండిరి? బీదవారి అరుగులమీదనే గదా! వారు పెట్టిన గటకయే తిని వాక్యము చెప్పిరి. చోటిచ్చిన చేతులవలననే మన సంఘములు పుట్టినవి. ఇప్పుడు మైకుసెట్టు పోవునని, ఫ్యానులు పోవునని తాళము వేయుచున్నాము. ఆ భయము అబద్ధము కాదు. అయితే సామగ్రికి కావలియున్నది గాని, అతిథికి ఎదురుచూచువారు లేరు.

ఈ సంగతి కమిటీలో పెట్టినాము. "దొంగతనము జరిగితే ఎవరు జవాబుదారి?" అని ఒక పెద్ద అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. చివరకు సామానులను ఇనుప పెట్టెలో పెట్టి, ప్రక్కగదిని తెరచి ఉంచుటకు ఒప్పుకొన్నారు. అందులో చాప, దుప్పటి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, కుండలో నీళ్లు ఉన్నవి. మందిరపు రెండవ తాళపుచెవిని ఆ రొట్టెలు తెచ్చిన స్త్రీ ఇంటిలో ఉంచినాము. ఆమె నవ్వి తీసికొన్నది.

దంపతులకు జాబు వ్రాసినాము. వారు మరల వచ్చెదరో లేదో మేమెరుగము. వారి నిరాశను మేము తుడిచివేయలేము.

మీరు ఇండ్లకు వెళ్లి మీ మీ సంఘములలో ఈ ఒక్క ప్రశ్న అడుగుడి: వాన కురియు రాత్రి ఎవరైన వచ్చి మన తలుపు తట్టినయెడల, లేచి తీయువారెవరు? ఆ పేరు చెప్పగలిగిన సంఘము ధన్యమైనది.

ప్రభువు మనకందరికి అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.