నడినెత్తి మీద మెరిసిన మెరుపు

పార్సిప్పనీలో రూట్ 46 దీపాల ధర్మమా అని మా ఆకాశంలో నక్షత్రాలు లెక్కపెట్టడానికి చేతివేళ్ళు సరిపోతాయి. అలాంటి ఊళ్ళో కూర్చుని ఖగోళం గురించి ఏం చెబుతాడీయన అనుకోకండి. ఇవాళ నేను చెప్పబోయే గామా కిరణాలు ఎంత చీకట్లోనైనా కంటికి కనిపించవు. మన వాతావరణం వాటిని నేల దాకా రానివ్వదు. ఒక విధంగా మన అదృష్టమే.

2022 అక్టోబరు 9, ఆదివారం. ఇక్కడ ఉదయం తొమ్మిదీ పదిహేడు, మనం కాఫీ తాగుతున్న వేళ. ఫెర్మీ ఉపగ్రహం మీటర్లు తట్టుకోలేనంత గామా వెలుగు వచ్చి పడింది. అది బయలుదేరి సుమారు 190 కోట్ల సంవత్సరాలయింది! అయినా భూమి పైపొరల్లోని అయనోస్ఫియరు కదిలిపోయింది. ఆ సమయానికి అది వచ్చిన దిక్కు పార్సిప్పనీకి నేల అడుగున ఉంది. హైదరాబాదులో మాత్రం సాయంత్రం ఆరూ నలభై ఏడు, ఆశ్వయుజ పౌర్ణమి. లెక్క వేసి చూస్తే ఆ దిక్కు దాదాపు నడినెత్తి మీద ఉంది. మనవాళ్ళు చంద్రుణ్ణి చూస్తూ ఉండి ఉంటారు. పైన జరిగింది ఎవరికీ తెలియదు.

ఈ పేలుళ్ళు మనిషి కంటబడడమే ఒక చిత్రం. రష్యావాళ్ళు రహస్యంగా అణుబాంబులు పరీక్షిస్తున్నారేమోనని కనిపెట్టడానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలకి 1967 జులై 2న మొదటిది చిక్కింది. లోకానికి చెప్పింది 1973లో. ఇవి మన పాలపుంత చుట్టుపక్కలవా, బహుదూరాలవా అని పాతికేళ్ళ పాటు తగువు నడిచింది. బహుదూరం అని పట్టుబట్టిన మనిషి మనకు గంట ప్రయాణంలో ఉన్న ప్రిన్స్‌టన్‌లో ఉండేవారు, బోదాన్ పచిన్‌స్కీ. అంతదూరం నుంచి కనిపించాలంటే ఎంత శక్తి కావాలో లెక్క కట్టి చాలామంది నమ్మలేకపోయారు. 1997లో బెప్పోసాక్స్ ఉపగ్రహం చూపించిన చోట దుర్భిణీలు తిప్పి, పేలుడు తరువాత మిగిలే వెలుగుని పట్టుకున్నారు. కొలిస్తే వందల కోట్ల కాంతి సంవత్సరాలు. పచిన్‌స్కీ మాటే నెగ్గింది.

ఇక మన ఆడవాళ్ళకి ఆసక్తి కలిగించే సంగతి. (మగవాళ్ళకి కూడా, బిల్లు కట్టేది వారైతే.) మామూలు నక్షత్రం తన కడుపులో ఇనుము దాకా వండగలదు, అంతే. మరి ఓక్ ట్రీ రోడ్డు కొట్లలో మనం బేరమాడే బంగారం ఎక్కడిది? 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నాయి. ఒక్కొక్కటీ సూర్యుడి కంటే బరువు, వైశాల్యం చూస్తే ఒక నగరమంత. ముందు గురుత్వ తరంగాలు వచ్చాయి, 1.7 సెకన్ల తరువాత గామా మెరుపు. చోటు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఆ శిథిలాల వెలుగులో భారమూలకాలు తయారవుతున్న గుర్తులు దొరికాయి. బంగారం పుట్టే ముఖ్యమైన మార్గాల్లో ఇదొకటి. రెండు సెకన్ల లోపు పొట్టి పేలుళ్ళు ఇలాంటివనీ, పొడుగువి పెద్ద నక్షత్రం కూలినప్పటివనీ పాఠాల్లో చెప్పేవారు. 2023 మార్చి 7న వచ్చినది పొడుగుదే, కాని జేమ్స్ వెబ్ దుర్భిణి దాని శేషంలో టెల్లూరియం చూసింది. పాఠం దిద్దుకోవలసి వచ్చింది.

మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో ఒక పరికరం, పని మొదలుపెట్టిన మొదటి రోజే, అక్టోబరు 6న, ఒక పేలుడుని పట్టింది. 2022 నాటికి అయిదువందలు.

మన మీద పడితే? అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఈ శక్తి టార్చిలైటు వెలుగులా సన్నటి ధారగా పోతుంది. అది దగ్గరలో పుట్టి, గురి కూడా మనవైపే ఉంటేనే ప్రమాదం, అప్పుడు ఓజోను పొర దెబ్బతింటుంది. అంత దగ్గర పేలుడు బహు అరుదు. నిద్ర పాడుచేసుకోనక్కర్లేదని చెప్పండి.

నాకు దిగులు కలిగించేది మరొకటి. ఎక్కడ పేలితే అటు నిమిషం, రెండు నిమిషాల్లో తల తిప్పే స్విఫ్ట్ ఉపగ్రహం 2004 నవంబరు 20న ఎగిరింది. దానిని నడిపే కేంద్రం పెన్ స్టేట్‌ది. మా ఊరి మీదుగా పోయే రూట్ 80 పట్టుకుని పడమరకి వెళితే నాలుగు గంటల లోపే. సూర్యుడి ఉద్ధృతికి పైగాలి ఉబ్బి, స్విఫ్ట్ కక్ష్య కుంగసాగింది. దాన్ని పట్టుకుని పైకెత్తే రోబో నౌకకోసం 2025 సెప్టెంబరులో నాసా కాటలిస్ట్ కంపెనీకి మూడు కోట్ల డాలర్ల పని అప్పగించింది. పట్టుకోవడానికి పిడి కూడా లేకుండా కట్టిన ఉపగ్రహమది. అదే ఏడాది జులై 2న, వేలా చూసిన తేదీకే, ఏడు గంటలకి పైగా ఆగి ఆగి మెరిసిన పేలుడొకటి వచ్చింది. ఎలా పుట్టిందో శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు.