ఎలిజబెత్ అడిగిన ప్రశ్న

(కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



తత్వశాస్త్రం గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. "పొద్దున లేస్తే స్టేషన్లూ కోర్టులూ, మధ్యలో ఈ వేదాంతం మనకెందుకండీ?" అని ఒకరు అడిగారు కూడా. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చివర్లో చెప్తాను. ముందు ఒక ఉత్తరం సంగతి వినండి.

1643 మే నెలలో హేగ్ నగరం నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీ ఒకరు డెకార్ట్‌కి ఉత్తరం రాసింది. ఆధునిక తత్వశాస్త్రానికి పితామహుడని మనం పాఠాల్లో చదువుకున్న డెకార్టే. ఆమె పేరు ఎలిజబెత్. బొహీమియా రాజ్యం పోగొట్టుకుని ప్రవాసంలో బతుకుతున్న కుటుంబంలోని ఆడపిల్ల.

మనసు వేరు, శరీరం వేరు అన్నాడు డెకార్ట్. మనసు ఆలోచిస్తుంది, కానీ చోటు ఆక్రమించదు. శరీరం చోటు ఆక్రమిస్తుంది, కానీ ఆలోచించదు. ఎలిజబెత్ అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. ఒక వస్తువు కదలాలంటే మరొకటి దాన్ని తాకాలి, నెట్టాలి. ఆకారం, పరిమాణం లేని మనసు శరీరాన్ని ఎలా కదిలిస్తుంది?

డెకార్ట్ బరువును ఉదాహరణగా ఇచ్చాడు. రాయిని దాని బరువు కిందికి లాగుతుందని అనుకుంటాం కదా, అక్కడ ఒక ఉపరితలం మరొకదాన్ని నెట్టిందని అనుకోం కదా అన్నాడు. ఆమె ఊరుకోలేదు. బరువు గురించిన ఆ పాత భావన తప్పని మీరే చెప్పారు, తప్పుడు భావనతో నన్నెలా ఒప్పిస్తారు అంది. శరీరాన్ని కదిలించే శక్తి పదార్థం కానిదానికి ఉందనుకోవడం కంటే, మనసే పదార్థమని ఒప్పుకోవడం తనకు తేలికగా ఉందని రాసింది. అదే ఉత్తరంలో ఇంటి వ్యవహారాలూ వచ్చేపోయే వాళ్ళూ తనను ఆలోచించనివ్వడం లేదని కూడా రాసింది. ఈ మాట మనలో ఎవరికి కొత్త?

మనసూ శరీరమూ ఒకటిగా ఉన్నాయన్నది రోజువారీ జీవితంలోనే తెలుస్తుంది, దాన్ని ధ్యానించి తెలుసుకోలేం అన్నాడు డెకార్ట్. మనసు శరీరాన్ని కదిలిస్తుందని ఇంద్రియాలు చెప్తున్నాయి సరే, ఎలా కదిలిస్తుందో చెప్పడం లేదే అని ఆమె మళ్ళీ అడిగింది.

1645లో ఆమెకు సన్నని జ్వరం, పొడిదగ్గు పట్టుకున్నాయి. దుఃఖమే దీనికి కారణమన్నాడు డెకార్ట్. బుద్ధితో మనసును అదుపులో పెట్టుకుంటే సుఖం మన చేతిలోనే ఉంటుందన్నది అతని సలహా. ఆమె దాన్నీ ప్రశ్నించింది. కొన్ని జబ్బులు ఆలోచించే శక్తినే తీసేస్తాయి, అప్పుడు ఆ బుద్ధి ఎక్కడి నుంచి వస్తుంది అంది. ఆలోచనకు ఆరోగ్యం కావాలి, తీరిక కావాలి, కాస్త నిశ్చింత కావాలి. ఆమె రాజకుమార్తె, పనివాళ్ళున్న మనిషి అన్న సంగతి మరచిపోవద్దు. ఆమెకే తీరిక లేకపోతే మిగతా ఆడవాళ్ళ సంగతేమిటో మీరే ఊహించుకోండి.

ఉద్వేగాలను నిర్వచించమని ఆమె పట్టుబట్టిన తర్వాతే డెకార్ట్ వాటి మీద పుస్తకం మొదలుపెట్టాడు. అది 1649లో వచ్చింది. 1650లో అతను చనిపోయాడు. ఆమె తన ఉత్తరాల ప్రచురణకు ఒప్పుకోలేదు. అతని ఉత్తరాలు 1657లో అచ్చయ్యాయి. ఆమెవి వెలుగు చూసింది 1879లో. అంటే రెండు వందల ఏళ్ళకు పైగా లోకం జవాబులే చదివింది, ప్రశ్నలు చదవలేదు! ఇరవయ్యో శతాబ్దంలో జేగ్వాన్ కిమ్ వంటి తత్వవేత్తలు ఇదే చిక్కును మళ్ళీ చేపట్టినప్పుడు ఎలిజబెత్‌ను గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. అందరూ ఒప్పుకున్న జవాబు ఈనాటికీ లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. మనకెందుకు?

నడుం నొప్పి, తలనొప్పి అంటూ ఒక స్త్రీ ఆసుపత్రికి వెళ్తుంది. "మీ ఒంట్లో ఏమీ లేదమ్మా, అంతా మనసులోనే" అని పంపించేస్తారు. అదే స్త్రీ, భర్త మాటలతో రోజూ చంపుతున్నాడని స్టేషన్‌కు వెళ్తుంది. "ఒంటి మీద దెబ్బలేవీ కనబడటం లేదే?" అంటారు. ఒకచోట శరీరం లేదు, మరోచోట మనసు లెక్కలోకి రాదు. మనిషిని రెండుగా చీల్చి, ఎక్కడ ఏ ముక్క పనికిరాదో అక్కడ ఆ ముక్కనే ఆమె చేతికి ఇస్తున్నారు. ఇదంతా డెకార్ట్ వల్లే వచ్చిందని నేననడం లేదు. కానీ ఈ చీలిక సహజమైనదన్న నమ్మకాన్ని ప్రశ్నించడం మనకు అవసరం.

చట్టం ఈ విషయంలో కొంత ముందే ఉంది. 1983లో వచ్చిన 498-ఎ, క్రూరత్వాన్ని వివరిస్తూ మానసిక ఆరోగ్యానికి కలిగే హానినీ శారీరక హానినీ ఒకేచోట చేర్చింది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు అదే చెప్తున్నాయి. మాటలతో, ఉద్వేగపరంగా పెట్టే హింసను 2005 గృహహింస చట్టం గుర్తించింది. అయినా ఆచరణలో అడిగేది గాయం గురించే.

అందుకే, రేపు మీ దగ్గరకు వచ్చిన స్త్రీ చెప్పేది రాసుకునేటప్పుడు శారీరక హింస ఒక గడిలో, మానసిక హింస ఇంకో గడిలో వేసి ఊరుకోకండి. నిద్ర ఎప్పటి నుంచి పట్టడం లేదు, అన్నం ఎప్పటి నుంచి సహించడం లేదు, ఏ మాట విన్నప్పుడు చేతులు వణికాయి అని అడగండి. ఆమె చెప్పిన వరసలోనే రాయండి. మనసు శరీరాన్ని ఎలా తాకుతుందని ఎలిజబెత్ అడిగింది. ఆ తాకిడికి సాక్ష్యం మన ఫైళ్ళలోనైనా ఉండాలి.