జేజి మాత్రల సంచి

కర్నూలు, కడప సీమలలో ఏప్రిల్, మే మాసములందు ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి దినములలో ఇంటి జేజి మ్రింగు మాత్రల నొకసారి లెక్కించి చూడుడు. రక్తపుపోటునకు పట్టణపు వైద్యుడు వ్రాసినది ఒకటి. కాళ్లవాపునకు మూత్రము హెచ్చించునది మరియొకటి. మోకాళ్ల నొప్పికి ఊరిలో కొన్నది ఇంకొకటి. ఒకరిచ్చినది వేరొకరెరుగరు. రక్తపుపోటు మందులలో కొన్ని, తక్కిన రెంటితో కలిసినచో, చెమటవలన ఒంటిలో నీరు తగ్గినవేళ మూత్రపిండములను దెబ్బతీయవచ్చును. ఒకే మందు రెండు పేర్లతో వచ్చి, మోతాదు రెట్టింపగుటయు కలదు.

అట్లని తమంతట తామే మందులు మానుటయు ప్రమాదమే. నాటుమందులతోసహా అన్నింటిని ఒక సంచిలో వేసి, ఒకే వైద్యునకు చూపుడు. ఆయన నడుగక నొప్పిమాత్ర కొనకుడు. మూత్రము తగ్గినను, కళ్లు తిరిగినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండు.