హెడ్‌సెట్టా? సౌండ్ కార్డా?

కంప్యూటరుపై ఆటలాడు పిల్లలున్న యిండ్లలో నేడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. ఆటలోని ధ్వని తృప్తికరముగా లేదు. చేతనున్న సొమ్ము ఒక్క వస్తువునకే చాలును. ఆ సొమ్ముతో మేలురకపు హెడ్‌సెట్టు కొనవలెనా, లేక కంప్యూటరులో అమర్చు ప్రత్యేకమైన సౌండ్ కార్డు కొనవలెనా? ఆటలాడు పిల్లవాడు ఒకటి చెప్పును. అంగడివాడు వేరొకటి చెప్పును. సొమ్మిచ్చు తలిదండ్రులకు రెండును అయోమయముగనే తోచును. నిత్యము ధ్వనితోడనే పొత్తు గల రేడియోవారము గనుక, ఈ విషయమును కొంత విప్పి చెప్పదలచినాము.

మొదట ఈ రెండు వస్తువులును చేయు పని యేమో తెలిసికొందము. కంప్యూటరు లోపల నుండునవి అంకెలు. ఆ అంకెలను ఒక చిన్న చిప్పు విద్యుత్తరంగములుగా మార్చును. ఆ తరంగములు కొంత బలము పుంజుకొని తీగ వెంట హెడ్‌సెట్టునకు చేరును. అచ్చట చెవి చెంతనున్న పలుచని పొర యొకటి ఆ తరంగముల కనుగుణముగా కంపించి గాలిని కదిలించును. ఆ కదలికయే మనము వినెడి ధ్వని. అంకెలను తరంగములుగా మార్చి బలమిచ్చుట సౌండ్ కార్డు పని. తరంగములను గాలిలోనికి తెచ్చుట హెడ్‌సెట్టు పని.

రేడియో యింట నున్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు. సెట్టు ఎంత మేలైనదైనను స్పీకరు కాగితము చినిగినచో పాట చెడును. స్పీకరు ఎంత మంచిదైనను సెట్టులోనే బురబుర యున్నచో ఆ బురబురయే మరింత స్పష్టముగా వినబడును. కావున ఏది కొనవలెనను ప్రశ్నకు ముందు, చెడుగు ఎచ్చట నున్నదను ప్రశ్న వేసికొనవలెను.

సౌండ్ కార్డునకు ఆటగాండ్రలో ఇంతటి పేరు వచ్చుటకు కారణము చరిత్రలో నున్నది. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినపుడు దానియందలి చిన్న స్పీకరు కీచుమనుటకు తప్ప వేరొకందుకు పెద్దగా పనికివచ్చునది కాదు. 1987లో కెనడాకు చెందిన ఆడ్‌లిబ్ సంస్థ సంగీతము పలికించు కార్డును తెచ్చెను. 1989లో సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టరు కార్డును తెచ్చి, సంగీతముతో బాటు మాటలను, తుపాకి మ్రోతలను గూడ వినిపించెను. 1993లో డూమ్ అను ఆట వచ్చునాటికి కార్డు లేని కంప్యూటరు ఆటగానికి దాదాపు మూగదియే. పిమ్మట వచ్చిన కార్డులు గోడల ప్రతిధ్వనులను, ధ్వని వచ్చు దిక్కులను గూడ తామే లెక్కకట్టసాగెను.

తరువాత రెండు మార్పులు జరిగినవి. 1997లో ఇంటెల్ సంస్థ రూపొందించిన ప్రమాణము వలన ధ్వనిచిప్పు మదర్‌బోర్డు మీదికే వచ్చి చేరెను. 2007లో విండోస్ విస్టా అంగడికి వచ్చినపుడు, అందలి ధ్వనిమార్గము మారుటచే, కార్డు స్వయముగా లెక్కలు కట్టు పాత పద్ధతికి దారి మూతపడెను. నాటినుండి ప్రతిధ్వనుల లెక్కలన్నియు ప్రధానముగా కంప్యూటరు ప్రాసెసరే చేయుచున్నది. కార్డునకు పని తగ్గినది. పేరు మాత్రము నిలిచినది. పాత ఆటగాండ్రు నేడును కార్డు కొనుమని సలహా చెప్పుట ఇందువలననే.

ఇక నేటి మదర్‌బోర్డు చిప్పు ఎంతటిదో చూతము. కాంపాక్టు డిస్కుపై ధ్వనిని సెకనునకు 44,100 సార్లు కొలిచి, 16 బిట్ల అంకెలుగా నిలుపుదురు. అందలి అత్యున్నత ధ్వనికిని అడుగున నుండు రొదకును గల అంతరము సుమారు 96 డెసిబెల్లులు. పెక్కు మదర్‌బోర్డులపై కనబడిన రియల్‌టెక్ ఏ.ఎల్.సి. 1220 చిప్పునకు తయారీదారులు చెప్పు అంతరము 120 డెసిబెల్లులు. ఇది చిప్పు లెక్క. బోర్డుపై అమర్చిన పిదప కొంత తగ్గవచ్చును. అయినను పంకా తిరుగుచు, వంటింటి చప్పుళ్లు వినవచ్చు గదిలో కూర్చుండి ఆడువానికి ఆ లోటు సాధారణముగా చెవి కందదు.

హెడ్‌సెట్టు సంగతి అట్లు కాదు. అది కదలెడి వస్తువు. పొర బరువు, దాని వెనుకనున్న గది వైశాల్యము, చెవిని చుట్టు మెత్త యొక్క అమరిక, ఇవన్నియు ధ్వనిని మార్చును. ఒకే ధ్వనిని రెండు హెడ్‌సెట్టులు వినిపించునపుడు మంద్రస్థాయిలోనో తారస్థాయిలోనో పది డెసిబెల్లుల భేదము వచ్చుట అరుదు కాదు. చౌకరకపు హెడ్‌సెట్టులలో కొన్నింటియందు ప్రేలుడు ఘనముగా వినబడుటకై మంద్రమును మిక్కిలిగా పెంచుదురు. ఆ మ్రోతలో శత్రువు అడుగుల సవ్వడి మునిగిపోవును. పొర పలుకజాలని ధ్వనిని ఏ కార్డును పలికింపజాలదు. కావున ఇతర దోషమేదియు లేనపుడు సొమ్ము మొదట హెడ్‌సెట్టునకే చెందవలెనని మా అభిప్రాయము.

దిక్కుల మాట యొకటి కలదు. పెట్టెపై 7.1 అని వ్రాసియున్నచో అందు ఎనిమిది స్పీకరులున్నవని కొందరు తలతురు. సాధారణముగా ఆ హెడ్‌సెట్టులో చెవికొకటి చొప్పున రెండే యుండును. తక్కినది లెక్కల చమత్కారము. అందు మోసమున్నదని మేమనుట లేదు. ప్రకృతి మనకిచ్చిన చెవులును రెండే. కుడివైపు ధ్వని ఎడమ చెవికి కొంచెము ఆలస్యముగా, కొంచెము మెల్లగా చేరును. ఆ ఆలస్యము ఎంత ఎక్కువైనను సెకనులో వెయ్యవవంతునకు మించదు. మూడింట రెండు వంతులకు దగ్గరగా నుండును. ఈ రెండు భేదములను బట్టి మనము దిక్కును గుర్తింతుమని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1907లో వివరించెను. ముందు వెనుకలను, క్రిందు మీదులను తెలిపెడిది వెలిచెవి ఆకృతి. కౌంటర్-స్ట్రైక్ 2, వలరెంట్ వంటి ఆటలు ఈ లెక్కను తామే కట్టి రెండు చెవులకు పంపగలవు. అట్టి ఆటకు తోడు కార్డునో హెడ్‌సెట్టునో గూడ అదే లెక్క కట్టుమన్నచో దిక్కులు తారుమారగును. రెంటిలో నొకదానిని ఆపివేయవలెను. దీనికి ఖర్చేమియు లేదు.

అట్లయిన కార్డు ఎవరికి కావలెను? మౌసు కదిలించినపుడెల్ల చెవిలో గీమను రొద వినవచ్చుచున్నచో దోషము కంప్యూటరుదై యుండవచ్చును. పరీక్ష సులభము. అదే హెడ్‌సెట్టును వేరొక కంప్యూటరునకో, రంధ్రమున్న సెల్‌ఫోనునకో తగిలించి వినుడు. రొద అచ్చటను ఉన్నచో తప్పు హెడ్‌సెట్టుదే. అచ్చట మాయమైనచో తప్పు మొదటి కంప్యూటరుదే. అప్పుడైనను వెంటనే అంగడికి పోవలదు. పెట్టె ముందువైపు రంధ్రమునకు వచ్చు తీగ లోపలి విద్యుత్ పరికరముల ప్రక్కగా నడచును. వెనుకవైపు రంధ్రమున తగిలించి చూడుడు. దానితోనే రొద తగ్గుట కలదు. అప్పటికిని తగ్గనిచో ప్రత్యేక సాధనము కొనవచ్చును. అందును పెట్టె లోపల అమర్చు కార్డు కంటె యు.ఎస్.బి. తీగతో వెలుపల నుండు చిన్న సాధనము మేలు. లోపలి కార్డు గ్రాఫిక్స్ కార్డు పొరుగుననే కూర్చుండును గనుక ఆ సందడి దానికిని అంటవచ్చును.

స్టూడియోలలో వాడు కొన్ని హెడ్‌ఫోనులు 250 ఓములు, 600 ఓములు గలవి యుండును. వాటికి మామూలు రంధ్రము తగిన బలమీయలేక ధ్వని సన్నగిల్లును. అట్టివానికి ప్రత్యేక సాధనము అవసరమే. ఆటల హెడ్‌సెట్టులు పెక్కు 16 మొదలు 64 ఓములలోపు నుండును. వాటికి ఈ బెంగ లేదు. మైకు రంధ్రము చెడి, మీ మాట తోటి ఆటగాండ్రకు బురబురతో వినబడుచున్నను ఆ సాధనము పనికివచ్చును.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. యు.ఎస్.బి. తీగతో తగిలించు హెడ్‌సెట్టులోనే అంకెలను ధ్వనిగా మార్చు చిప్పు ఉండును. తీగ లేని హెడ్‌సెట్టులోను అంతే. వీనికి కంప్యూటరులోని సౌండ్ కార్డుతో పనియే లేదు. అట్టి హెడ్‌సెట్టు గలవారు కార్డు కొన్నచో ఆ సొమ్ము వృథా. తీగ లేనివానిలో బ్లూటూతు రకము ధ్వనిని ఆలస్యముగా చేర్చును. తుపాకి పేలుట కంట బడిన పిదప మ్రోత వినబడును. అదియును గాక, మైకు వాడుచున్నపుడు అందు ధ్వని నాణ్యము సాధారణముగా తగ్గును. తన చిన్న యు.ఎస్.బి. తునకతో వచ్చు 2.4 గిగాహెర్ట్‌జు రకము ఆటలకు అంతకంటె మేలు.

హెడ్‌సెట్టును ఎంచునపుడు పెట్టెపై బొమ్మలను, రంగు దీపములను చూడవలదు. తలపై ఒక పావుగంట యుంచుకొని చూడుడు. చెవి మెత్తలో పూర్తిగా ఇమిడినదా? కణతలపై ఒత్తిడి యున్నదా? మన యెండలకు తోలువంటి మెత్త చెమట పట్టించును. గుడ్డ మెత్త కొంత నయము. మెత్తలును తీగయు మార్చుకొన వీలున్నదా యని అడుగుడు. ముందు చెడునవి అవియే. వెనుక మూసియున్న రకము బయటి చప్పుడును తగ్గించును. తెరచియున్న రకములో ధ్వని విశాలముగా తోచును, కాని ఇంటిలోని వారందరికిని ఆట వినబడును. మైకు పరీక్షకు ఒక నిమిషము మాటలాడి, ముద్రించి వినుడు.

ఇంతవరకు సొమ్ము మాట చెప్పితిమి. అంతకంటె విలువైనది చెవి. పెద్దలకు వారమునకు 40 గంటలు వినుటకు 80 డెసిబెల్లులు, పిల్లలకు 75 డెసిబెల్లులు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ధ్వని మూడు డెసిబెల్లులు పెరిగినచో వినదగిన కాలము సగమగును. 90 డెసిబెల్లులైనచో పెద్దలకే వారమంతటికిని నాలుగు గంటలు. రోజునకు మూడు గంటలు ఆడు పిల్లవాడు రెండు దినములలోనే ఆ హద్దు దాటును. లోచెవియందు ధ్వనిని గ్రహించు సన్నని రోమకణములు ఒకసారి నశించినచో మనుష్యులలో మరల మొలవవు. బలమైన కార్డు ధ్వనిని మరింత పెంచుటకు వీలిచ్చును. సన్నని సవ్వడులను స్పష్టముగా పలికి, బయటి చప్పుడును ఆపు హెడ్‌సెట్టు ధ్వనిని తగ్గించి వినుటకు వీలిచ్చును. పిల్లల విషయమున మేము హెడ్‌సెట్టు పక్షము వహించుటకు ఇదియే పెద్ద కారణము.

కావున తలిదండ్రులకు మేము చెప్పు క్రమమిది. మొదట ఖర్చు లేని పనులు చేయుడు: రంధ్రము మార్చి చూచుట, రెండుమార్లు కట్టు దిక్కుల లెక్కలలో నొకటి ఆపుట, మంద్రమును కొంత తగ్గించుట. పిదప హెడ్‌సెట్టును వేరొకచోట తగిలించి దోషమెవ్వరిదో తేల్చుడు. రొద కంప్యూటరుదైనచో వెలుపల నుండు చిన్న సాధనము; కాదేని మంచి హెడ్‌సెట్టు. ఏది కొన్నను, ఆడునపుడు ప్రక్కవారు పిలిచిన పిలుపు చెవిని బడునట్లు ధ్వనిని తగ్గించి యుంచుడు. ఆట ముగిసిన పిదప చెవిలో గింగురుమను మ్రోత మిగిలినచో, మరునాడు ధ్వనిని ఇంకను తగ్గింపుడు. ఆ మ్రోత మానకున్నచో చెవి వైద్యునకు చూపుడు.