కలరా విషము: కణమును మోసగించు విధము

సూక్ష్మజీవుల వలన వ్యాధులు కలుగునని నేడు చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. కాని ఆ సూక్ష్మజీవి మనిషిని ఏ విధముగా పడగొట్టుచున్నదని అడిగినచో సమాధానము చెప్పుట అంత సులభము కాదు. కంటికి కానరాని ఆ జీవి మన కండను కొరికి తినుట లేదు. అనేక వ్యాధులలో అది ఒక విషమును తయారుచేసి విడిచిపెట్టును. ఆ విషము మన జీవకణములను చేరి, వాటి పనిని చెడగొట్టును.

అన్ని విషముల పద్ధతియు ఒకటి కాదు. కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, విషము కణములోనికి చొచ్చుకొనిపోయి మాంసకృత్తుల తయారీని నిలిపివేయును, కణము చనిపోవును. ధనుర్వాతపు విషము నాడీకణములలో చేరి, కండరములను సడలించు సందేశములను ఆపివేయును. అందుచేతనే రోగి దేహము వింటివలె వంగును. కలరా విషము ఈ రెండింటికంటెను విచిత్రమైనది. అది కణమును చంపదు. కణము నిత్యము చేయు పనినే మితిమీరి చేయించి, దాని చేతనే మనిషి ప్రాణము తీయించును. ఈ మర్మము తెలిసినచో, వంటింటిలోని ఉప్పు, పంచదార ఈ వ్యాధికి మందు ఎట్లయినవో కూడ బోధపడును.

విషూచి యనియు, తెలంగాణమున గత్తర యనియు పిలువబడిన ఈ వ్యాధి పేరు విన్నంతనే ఒకప్పుడు ఊళ్లు వణకెడివి. వ్యాధి తీవ్రమైనచో బియ్యము కడిగిన నీళ్లవంటి భేదులతో గంటకు 1 లీటరు వరకు నీరు దేహమును విడిచిపోవును. కన్నులు లోతుకు పోవును, చర్మము ముడుతలు పడును, నాడి చేతికందదు. చికిత్స లేనిచో కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును.

జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1883లో ఈజిప్టులోను, 1884లో కలకత్తాలోను రోగులను పరీక్షించి, కామా గుర్తువలె వంగియుండు సూక్ష్మజీవి ఈ వ్యాధికి కారణమని నిర్ణయించెను. అది ఏదో విషమును విడుచుచుండవలెనని కూడ ఊహించెను. కాని ఆ ఊహ రుజువగుటకు 75 సంవత్సరములు పట్టినది. రుజువు చేసినవారు కలకత్తాకు చెందిన డాక్టరు శంభునాథ్ డే. కలరా పేగులో పుట్టు వ్యాధి గనుక పేగులోనే పరీక్షింపవలెనని ఆయన తలచిరి. 1953లో తన సహచరునితో కలిసి, కుందేలు చిన్నపేగులో కొంత భాగమును రెండు వైపుల దారముతో కట్టి, మధ్యభాగములో కలరా క్రిములను ఉంచిరి. ఆ భాగము నీటితో ఉబ్బినది. 1959లో మరొక అడుగు ముందుకు వేసిరి. క్రిములు పెరిగిన ద్రవమును వడగట్టి, ఒక్క క్రిమియు లేకుండ చేసి, ఆ తేటను మాత్రమే పేగులోనికి ఎక్కించిరి. అప్పుడును పేగు నీటితో నిండినది. నీటిని లాగునది క్రిమి కాదు, అది విడిచిన విషమని తేలినది. ఆ సంవత్సరమే 'నేచర్' పత్రికలో ఈ ఫలితము ప్రకటితమైనది.

దారము, సూది, కుందేలు, వడపోత సాధనము. ఈ పరిశోధనకు కావలసిన ముఖ్య పరికరము లివియే. నోబెల్ బహుమాన గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఒకటికంటె ఎక్కువసార్లు డే గారి పేరును ఆ బహుమానమునకు ప్రతిపాదించెను. మన దేశములో మాత్రము, 1985లో ఆయన కన్నుమూయువరకు, ఏ విజ్ఞాన పరిషత్తును ఆయనను తన సభ్యునిగా ఎన్నుకొనలేదు.

ఇక ఆ విషము కణములో చేయు పనిని చూతము. దాని అణువులో ఆరు భాగములు కలవు. అయిదు భాగములు వలయముగా అమరియుండగా, ఆరవది వాటిపై కూర్చుండియుండును. పట్టుకొనుట వలయము పని. చెడుపు చేయుట ఆరవదాని పని. పేగు గోడలోని కణముల పైపొరపై చక్కెరయు క్రొవ్వును కలిసిన జి.ఎం.1 అను పదార్థము కలదు. వలయము దానిని గట్టిగా పట్టుకొనును. కణము తన పైపొరను అప్పుడప్పుడు లోనికి మడచుకొనుట సహజము. విషము ఆ మడతలో చిక్కి లోనికి పోయి, మాంసకృత్తులు తయారగు అరను చేరును. ఆ అరలో సరిగా రూపొందని సరుకును బయటకు నెట్టివేయు ఏర్పాటు కలదు. ఆరవ భాగపు తునుక ఒకటి విడివడి, చెడిపోయిన సరుకువలె కనబడును. కణమే దానిని అరనుండి తన నడి ద్రవములోనికి నెట్టివేయును. దొంగకు ఇంటివారే దారి చూపినట్లగును!

కణములో జి-ప్రోటీను అను ఒక మీట కలదు. దేహమునుండి సందేశము రాగానే అది పైకి లేచి, పని ముగిసిన పిదప తనంత తానే దిగును. విషపు తునుక ఆ మీటకు ఒక చిన్న రసాయన ఖండమును అంటించును. అంతటితో మీట దిగుట మానును. చక్రీయ ఏ.ఎం.పి. అను పదార్థము ఎడతెగక తయారగును. దాని ప్రేరణచే క్లోరైడు ద్వారములు తెరచుకొని, లవణములు పేగులోనికి ప్రవహించును. ఉప్పు చల్లిన దోసకాయ ముక్కలు నీరు విడుచుట గృహిణులు ఎరిగినదే. ఇచ్చటను ఉప్పు వెంట నీరు పోవును.

అయినను ఈ విషము ఒక ద్వారమును తాకజాలకున్నది. పేగు కణములు గ్లూకోజును లోనికి తీసికొనునప్పుడు దానితోబాటు సోడియమును కూడ తీసికొనునని 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. సోడియము వెంట నీరు వచ్చును. కలరా రోగిలో కూడ ఈ జంట ద్వారము చక్కగా పనిచేయుచునే యుండును. ఉత్త నీరు త్రాగించినచో పోయిన లవణములు తిరిగి రావు. ఉత్త ఉప్పునీరు సరిగా ఇంకదు. చక్కెరయు ఉప్పును తగు పాళ్లలో కలిసిననే ఆ ద్వారము నీటిని లోనికి తెచ్చును.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినది. నరములకు ఎక్కించు సెలైను చాలలేదు. నూటికి 30 మంది వరకు మరణించుచుండిరి. డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా పొట్లములు కట్టించి, నీటిలో కలిపి, రోగుల బంధువుల చేతనే త్రాగించిరి. ఆయన పర్యవేక్షణలోని రోగులలో మరణములు నూటికి 4కు లోపుగా తగ్గినవి. 2022లో మరణించిన ఆయనకు 2023లో పద్మవిభూషణ్ లభించినది.

పేగు గోడ కణములు కొలది దినములలోనే రాలిపోయి క్రొత్తవి పుట్టును. విషము తగిలిన కణములును రాలిపోవును. అంతవరకు దేహములో నీరు నిలుపగలిగినచో చాలమంది రోగులు బ్రతుకుదురు.

భేదులగుచున్న బిడ్డకు నీరిచ్చిన భేదులు హెచ్చునను భయము ఇండ్లలో ఇంకను వినవచ్చుచున్నది. నీరు మానిపించుటయే అసలు అపాయము. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై సూచించిన కొలత నీటిలోనే కలుపవలెను. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో గీటుగా కొలిచిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు ఎక్కువైనచో ప్రమాదము. వాంతియైనచో పది నిమిషములు ఆగి, చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. తల్లిపాలు మానిపింపరాదు. ఉప్పు వేసిన పలుచని గంజియు మేలు చేయును. బియ్యములోని పిండిపదార్థము పేగులో గ్లూకోజుగా మారును గదా. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, కన్నులు గుంటలు పడినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దారి పొడవునను త్రాగగలిగినంత త్రాగించుచునే యుండవలెను.