కారునకును నిదానమే ముందు

వైద్యమున నిదానము ముందు, చికిత్స పిదప. కారునకును అదియే న్యాయము. 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు హైదరాబాదు మాదాపూరు దారులు వాహనములతో క్రిక్కిరిసినవి. ఆ రద్దీలో నిలిచియున్నప్పుడు ఉష్ణసూచిక ముల్లు పైకెగసి, బండి సాగినంతనే దిగినచో, ప్రథమముగా శంకింపవలసినది రేడియేటరు ఫ్యాను. సాగు బండికి ఎదురుగాలి తోడు. నిలిచినదానికి ఫ్యానే దిక్కు. ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా పరీక్షింపవలెను. సాగినను వేడి తగ్గనిచో కూలెంటు కొరత, థర్మోస్టాటు, పంపు చూడవలెను. ఎట్లయినను బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. వేడిమీద రేడియేటరు మూత విప్పినచో మరుగునీరు ముఖముపై చిమ్మును. ఆపక నడిపినచో సిలిండరు హెడ్డు వంగవచ్చును. అద్దెకారే జీవనమైన పల్లెయువకునకు అది ఇంటికి వచ్చిన కరవు. ఇట్టి విషయము తెలుపు పుస్తకమొక్కటి గ్రంథాలయమున ఉన్నచో ఆ నష్టము తప్పును.